సిపాయి ఇంటికి రాసిన ఉత్తరం, లండన్‌లో నవ్వుల బొమ్మ: గిల్రే ఈజిప్టు వ్యంగ్యచిత్రాల మీద చర్చ

లండన్_వాన (చర్చ మొదలుపెట్టినవారు) · శనివారం ఉదయం

పాత బొమ్మలంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొన్న గురువారం ఆఫీసుకి సెలవు పెట్టి బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్లు చూపించే గదికి వెళ్ళాను. ముందే రాసి టైము తీసుకుంటే చాలు, మనలాంటి మామూలువాళ్ళకి కూడా బొమ్మలు తెచ్చి బల్ల మీద పెడతారు. పెన్ను వాడనివ్వరు, పెన్సిల్ ఒక్కటే. నేను అడిగినవి జేమ్స్ గిల్రే అనే ఇంగ్లీషు వ్యంగ్యచిత్రకారుడు 1799 మార్చిలో అచ్చేసిన ఈజిప్టు వ్యంగ్యచిత్రాలు. నెపోలియన్ బొనపార్టే (అప్పటికింకా చక్రవర్తి కాలేదు, జనరల్ మాత్రమే) ఈజిప్టు మీదికి తీసుకెళ్ళిన ఫ్రెంచి సైన్యాన్నీ, దాని వెంట వెళ్ళిన పండితుల్నీ వెక్కిరిస్తూ వేసినవి.

ఒక బొమ్మలో నైలు ఒడ్డున ఇద్దరు పండితుల్ని మొసళ్ళు పట్టేసుకున్నాయి. పక్కన పడిపోయిన పుస్తకాల పేర్లు 'మొసళ్ళ విద్యాభ్యాసం', 'మొసలి హక్కులు'. 1789లో ఫ్రెంచివాళ్ళు చేసిన మనిషి హక్కుల ప్రకటన మీద దెబ్బ అది. ఇంకో బొమ్మ పేరు 'మామ్లూకు, రిపబ్లికన్ హుస్సారు'. ఫ్రెంచి రౌతు గుర్రం మీద పారిపోతుంటే వెనకాలే మామ్లూకు (అప్పట్లో ఈజిప్టుని ఏలుతున్న యోధుల వర్గంవాడు) తరుముకొస్తుంటాడు. మొదట చూడగానే నాకు నవ్వొచ్చింది. గీత అంత బాగుంటుంది. రెండోసారి చూసేసరికి ఆ రౌతు భయం నా ఒంట్లోకి పాకినట్టయింది.

ఈ వరస ముఖపత్రం మీద ఒక కథ ఉంటుంది. కైరోలో ఫ్రెంచి విద్వత్సభకి పనిచేసే ఒక కుర్ర చిత్రకారుడి అట్టసంచిలోవట ఈ బొమ్మలు. ఫ్రాన్స్‌లోని మార్సే రేవుకి వెళ్తున్న పడవ దారిలో పట్టుబడితే అందులో దొరికాయట. ఇదంతా గిల్రే కల్పన. ఆయన ఈజిప్టు మొహమే చూడలేదు. కానీ పడవలు పట్టుబడటం మాత్రం నిజం. వాటిలో దొరికినవి సిపాయిలూ ఆఫీసర్లూ ఇంటికి రాసుకున్న ఉత్తరాలు. నన్ను అప్పటినుంచీ తొలుస్తున్నది ఇదే. ఇంటికి చేరాల్సిన ఉత్తరంలోంచి నవ్వు ఎలా పుట్టింది? మీరేమంటారు?

చరిత్ర_మాస్టారు · శనివారం మధ్యాహ్నం

మంచి విషయం ఎత్తారమ్మా. సందర్భం తెలియకపోతే బొమ్మ సగమే అర్థమవుతుంది, అందుకని ముందు అది చెబుతాను.

1798 మే 19న ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవు నుంచి బయల్దేరారు. ముప్పై అయిదు వేలకు పైగా సైనికులు. ఎక్కడికి వెళ్తున్నారో సిపాయిల్లో చాలామందికి చెప్పలేదు. దారిలో మాల్టా పట్టుకుని, జులై మొదట్లో అలెగ్జాండ్రియా దగ్గర దిగారు. అక్కడినుంచి దమన్‌హూర్ మీదుగా ఎడారి నడక. మండు వేసవిలో ఒంటిమీద యూరప్ చలికి కుట్టిన ఉన్ని కోట్లు. దారిలో బావులు ఎండిపోయి ఉన్నాయి, కొన్నింటిని ముందే పూడ్చేశారు. దాహం తట్టుకోలేక తుపాకీతో కాల్చుకుని చనిపోయినవాళ్ళున్నారు. తోటి సైనికుల జ్ఞాపకాల్లోనే ఇది రాసి ఉంది.

జులై 21న పిరమిడ్ల యుద్ధం గెలిచారు. పట్టుమని పదిహేను రోజులు గడవకముందే, ఆగస్టు 1న, అలెగ్జాండ్రియా పక్కన అబూకీర్ అఖాతంలో ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ వాళ్ళ నౌకాదళాన్ని తగలబెట్టాడు. సేనాపతి ఓడ 'లోరియాన్' పేలిపోయింది. దాంతో సైన్యానికి తిరిగివెళ్ళే దారి మూసుకుపోయింది. ఇక ఇంటితో మిగిలిన సంబంధం ఉత్తరం ఒక్కటే. మధ్యధరా సముద్రమంతా ఇంగ్లీషు ఓడలు కాపలా కాస్తుంటే ఆ ఉత్తరాలు ఎక్కడ చేరతాయి?

పట్టుబడిన ఉత్తరాల్ని ఇంగ్లీషువాళ్ళు లండన్‌లో 1798లోనే పుస్తకంగా అచ్చేశారు. ఫ్రెంచి మూలం, ఇంగ్లీషు అనువాదం, పైగా వెక్కిరింపు ముందుమాట. ఎండ, ఈగలు, రొట్టె లేదు, సారా లేదు, మమ్మల్ని మోసం చేసి తెచ్చారు, ఎప్పుడు వెనక్కి వస్తామో తెలీదు, ఇదీ వాటి సారం. బొనపార్టే తన అన్న జోసెఫ్‌కి భార్య విషయంలో మనసు విరిగి రాసుకున్న ఉత్తరం కూడా ఇలాగే దొరికిపోయింది. అంత పెద్ద జనరల్ ఉత్తరానికే దిక్కులేనప్పుడు మామూలు సిపాయి గోడు ఎవరికి కావాలి?

ప్రశ్నలబుట్ట · శనివారం మధ్యాహ్నం

మాస్టారూ, లండన్ అక్కా, చాలా బాగుంది. నాకు చిన్న డౌట్. ఫోటోలు లేవు, ఇప్పటి ప్రెస్సులు లేవు. మరి ఈ బొమ్మ జనంలోకి ఎలా వెళ్ళింది? ఈ బొమ్మలకి రంగులు కూడా ఉంటాయని విన్నాను, 1799లో రంగు ఎలా అచ్చేశారు?

రాగిరేకు · శనివారం రాత్రి

ఇది నా పని కాబట్టి నేను చెబుతా. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చదివాను, ఇప్పటికీ ఇంట్లో చిన్న ప్రెస్సు ఉంది.

గిల్రే చేసింది ఎచింగ్. నున్నగా సాన పెట్టిన రాగిరేకుని వేడిచేసి పైన పల్చగా మైనం పూత పూస్తారు. పొగ పట్టించి నల్లగా చేస్తారు, గీత కనబడాలని. సూదితో ఆ పూత మీద గీస్తుంటే కింద రాగి తళుక్కుమంటూ బయటపడుతుంది. తర్వాత రేకుని యాసిడ్‌లో పెడితే గీసినచోట మాత్రమే తినేస్తుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు. ఆ తర్వాత సిరా అద్ది, పైపైన తుడిచేసి, తడి కాగితం వేసి రోలరు కింద నడిపిస్తే గుంటల్లో మిగిలిన సిరా కాగితానికి ఎక్కుతుంది.

అందరూ మరచిపోయే సంగతి ఒకటుంది. అచ్చులో బొమ్మ కుడిఎడమలు తిరగబడుతుంది. గిల్రే బొమ్మల్లో బొద్దింకలు పాకినట్టు ఎంత రాత ఉంటుందో చూశారుగా? ఆ అక్షరాలన్నీ రేకు మీద అద్దంలో కనబడేలా వెనక్కి రాయాలి. నాలుగు పదాలు అలా రాయడానికి నాకు ఒక పూట పట్టింది. మూడోసారి కూడా ఒక అక్షరం తిరగేయడం మరచిపోయి రేకు పాడుచేసుకున్నాను. ఈయన పేరాలకు పేరాలు రాశాడు.

ఈ బొమ్మల్లో రంగు అచ్చులో రాదు. నలుపు అచ్చయ్యాక నీటిరంగులతో ఒక్కో కాగితానికీ చేత్తో వేసేవాళ్ళు. అందుకే ఒకే బొమ్మ రెండు కాపీల్లో రంగులు వేరుగా ఉంటాయి. లండన్ గారూ, మీరు చూసిన కాపీలో రంగు గీత దాటి బయటికి వచ్చిందా? ఈసారి వెళ్తే అంచుల దగ్గర చూడండి, రేకు నొక్కుకున్న గుర్తు కాగితం మీద గాడిలా ఉంటుంది.

అమ్మకం సంగతి. హన్నా హంఫ్రీ అనే ఆవిడది దుకాణం, సెయింట్ జేమ్స్ స్ట్రీట్ 27వ నంబరు. గిల్రే ఆ ఇంటి పైనే ఉండేవాడు. కొత్త బొమ్మ రాగానే కిటికీ అద్దాలకి అతికించేవాళ్ళు. కొనగలిగినవాడు కొనుక్కునేవాడు, కొనలేనివాడు వీధిలో నిలబడి చూసేవాడు. అలా నిలబడ్డ గుంపుని గిల్రేయే ఇంకో బొమ్మలో వేశాడు కూడా.

లండన్_వాన · శనివారం రాత్రి

అవునండీ! గాడి స్పష్టంగా ఉంది, వేలితో తడమాలనిపించింది కానీ ముట్టుకోలేదు. నీలం రంగు ఒకచోట గీత దాటి ఆకాశంలోకి వెళ్ళిపోయింది. ఎవరో ఒక మనిషి కుంచె పట్టుకుని గబగబా వేసుకుపోయిన గుర్తు అది.

సెయింట్ జేమ్స్ స్ట్రీట్ నా ఆఫీసుకి నడక దూరమే. సోమవారం అటు వెళ్తాను.

మాధవరం_మనవడు · ఆదివారం ఉదయం

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుతాను అంతే. మాస్టారు రాసిన ఉత్తరాల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

మాది ఇంటింటా ఫౌజు ఉన్న ఊరు. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీరింగు పనులు చేసే దళం) పనిచేశాడు, 1941లో ఈజిప్టు ఎడారిలో ఉన్నాడు. అక్కడినుంచి మా నాయనమ్మకి రాసిన ఉత్తరాల్లో ఒకటి మిగిలింది. తెలుగులోనే రాశాడు. పైన సెన్సార్ ముద్ర. మధ్యలో ఒకటిన్నర లైను నల్లగా కొట్టేశారు, కాగితం వెనకనుంచి వెలుతురుకి పెట్టినా కనబడదు. మిగతాదాంట్లో ఏముంది? నీళ్ళు కొలిచి ఇస్తున్నారు, గడ్డం గీసుకున్న నీళ్ళే దాచుకుని గుడ్డ ఉతుక్కుంటున్నాం, ఇసుక అన్నంలో కలుస్తోంది, ఎర్రావుకి జబ్బు తగ్గిందా, పిల్లాణ్ణి బడికి పంపుతున్నారా. నాయనమ్మకి చదువు రాదు. బడిపంతులు అరుగు మీద కూచుని చదివి వినిపిస్తే ఊళ్ళో నలుగురూ విన్నారట. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఎర్రావు మాట వచ్చినప్పుడు నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయిందని మా నాన్న చెప్పేవాడు.

ఈ ఉత్తరమే శత్రువు చేతిలో పడి, వాళ్ళ ఊళ్ళో దుకాణం అద్దానికి అతికించి, 'చూడండి వీడికి అన్నంలో ఇసుకంట' అని బొమ్మ వేస్తే? ఫ్రెంచి సిపాయి అయితేనేం, వాడికీ ఎక్కడో ఒక ఎర్రావు ఉండే ఉంటుంది కదండీ.

ప్రశ్నలబుట్ట · ఆదివారం మధ్యాహ్నం

మనవడు అన్నా, మీ తాతగారి ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయి. అయినా ఒక మాట ఒప్పుకోలేను, తప్పుగా అనుకోకండి.

వాళ్ళు పరాయి దేశం మీద పడ్డ సైన్యం. అక్టోబర్ 1798లో కైరో జనం తిరగబడితే ఫిరంగులతో కొట్టారు, అల్ అజ్హర్ మసీదులోకి గుర్రాలతో వెళ్ళారు. 1799 మార్చిలో, సరిగ్గా ఈ బొమ్మలు లండన్‌లో అమ్ముడవుతున్న నెలలోనే, పాలస్తీనాలోని యాఫాలో లొంగిపోయిన ఖైదీల్ని రెండు వేలకు పైగా చంపారు. చంపింది బొనపార్టే ఆజ్ఞే, కానీ బాయ్‌నెట్ పట్టింది సిపాయి చేతులు. అలాంటి సైన్యం మీద నవ్వడం తప్పెలా అవుతుంది? బలవంతుడి మీద భయం పోగొట్టేది నవ్వే కదా.

రాగిరేకు · ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ, నీ ప్రశ్న సరైనదే. కానీ ఆ బొమ్మల్లో యాఫా ఉందా? మామ్లూకు చేతిలో కత్తి ఉంది, ఫ్రెంచివాడు పారిపోతున్నాడు. ఈజిప్టు జనం పడ్డ దెబ్బ ఏ మూలా లేదు. మామ్లూకులూ అరబ్బులూ ఇంకో రకం వింత మనుషులుగా వచ్చి ఫ్రెంచివాణ్ణి భయపెట్టి పోతారు, అంతే. గిల్రే నవ్వింది దండయాత్ర మీద కాదు. దండయాత్ర చేసినవాడు తనవాడు కాకపోవడం మీద. గీతకి నేను దణ్ణం పెడతాను, ఆ చూపుకి పెట్టలేను.

చరిత్ర_మాస్టారు · ఆదివారం సాయంత్రం

ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది. రెండు సంగతులు కలుపుతాను.

మొదటిది. గిల్రే ఎప్పుడూ ఇలా ఒక పక్షమే కాదు. 1791 డిసెంబర్‌లో ఆయన వేసిన 'రుతుపవనాల రాక, లేదా శ్రీరంగపట్నం నుంచి పారిపోవడం' చూడండి. అందులో ఎగతాళి అయింది ఇంగ్లీషు సైన్యమే. టిప్పు సుల్తాన్ కోట గోడ మీద నిలబడి కింద ఉన్న కార్న్‌వాలిస్ సేన మీద ఉచ్చ పోస్తుంటాడు. అదే వాన. అసలు జరిగింది ఏమిటంటే, 1791 మేలో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వచ్చాడు. వానలు పట్టుకున్నాయి, తిండి అయిపోయింది, బండ్లు లాగే ఎద్దులు వందలకొద్దీ చచ్చాయి. పెద్ద ఫిరంగుల్ని లాగే దిక్కులేక తనవాళ్ళ చేతే పాడుచేయించి బెంగళూరు దారి పట్టాడు. ఆ సేనలో మన నిజాం గుర్రపు దళం కూడా ఉంది. ఆ యుద్ధాల్లో ఇలాంటి సేనలకి ఎద్దుల మీద ధాన్యం మోసి బతికించింది లంబాడీలు. లండన్‌లో ఆ బొమ్మ చూసి నవ్వినవాళ్ళకి ఆ బురదలో కూలబడ్డ సిపాయీ తెలీదు, ఎద్దుని తోలిన లంబాడీ తెలీదు. బొమ్మలో ఉన్నది కార్న్‌వాలిస్ పరువు ఒక్కటే.

రెండోది. 1797 నుంచి గిల్రేకి ప్రభుత్వ పక్షం నుంచి ఏటా 200 పౌండ్ల పింఛను ముట్టింది. ఈజిప్టు బొమ్మలు ఆ తర్వాతివి. 1791లో తన సైన్యం మీద పెట్టిన సూది 1798కి ఎటు తిరిగిందో మీకే అర్థమవుతుంది. 1798 అక్టోబర్‌లో నెల్సన్ బొమ్మ వేశాడు. తెగిన చేతికి కొక్కెం, ఇంకో చేతిలో దుడ్డుకర్ర, మూడు రంగుల ఫ్రెంచి మొసళ్ళని కొక్కేనికి కట్టి లాక్కెళ్తుంటాడు. ఓడలు మొసళ్ళయ్యాయి. లోరియాన్ ఓడలో కాలిపోయిన వందలాది నావికులు ఆ మంటలు కక్కే మొసలిలో ఎక్కడ కనబడతారు?

మూసారాంబాగ్_వాసి · ఆదివారం రాత్రి

మాస్టారు నిజాం గుర్రపు దళం అన్నరు కాబట్టి మా ఇంటి పక్క సంగతి చెప్తా.

మా మూసారాంబాగ్ పేరే ముస్సే రేమాన్ అనే ఫ్రెంచాయన నుంచి వచ్చింది. మిషెల్ జోకిం రేమాన్, నిజాం కొలువుల ఫ్రెంచి దళాలకి సేనాని. 1798 మార్చి 25న చనిపోయిండు. అంటే బొనపార్టే తూలోన్‌ల ఓడ ఎక్కేముందు రెండు నెలలకి. ఆయన సమాధి మలక్‌పేట పక్కన గుట్ట మీద ఉంది, రాతి స్తంభం మీద జె.ఆర్. అని అక్షరాలు. చిన్నప్పుడు అక్కడ గాలిపటాలు ఎగరేసేవాళ్ళం. పెద్దోళ్ళు మూసా రహీం అని దీపం పెట్టేవాళ్ళు.

ఫ్రెంచోళ్ళు ఈజిప్టుల దిగినరన్న వార్త రాంగనే ఇంగ్లీషోళ్ళకి ఇక్కడి ఫ్రెంచి దళం మీద టెన్షన్ మొదలైంది. ఈజిప్టు నుంచి బొనపార్టే వస్తే ఇక్కడోళ్ళు కలుస్తరని. 1798 అక్టోబర్‌ల, కైరోల జనం తిరగబడ్డ అదే నెలల, హైదరాబాద్‌ల పద్నాలుగు వేల మంది దళాన్ని నిరాయుధం చేసిన్రు. పెద్దగా నెత్తురు కారలే. ఎందుకంటే సిపాయిలకి జీతాలు బాకీ ఉండె. వాళ్ళే ఫ్రెంచి ఆఫీసర్ల మీద తిరగబడి ఉన్నరు. జీతం ఇస్తమంటే తుపాకీ కింద పెట్టిన్రు. ఆ సిపాయిలు దక్కన్‌వాళ్ళు. వాళ్ళకి బొనపార్టే ఎవరో, ఈజిప్టు ఎక్కడో! ఇంట్ల పొయ్యి వెలగాలె, అంతే. ఎక్కడి సిపాయైనా మొదట అడిగేది అదే కదా అనిపిస్తది నాకు.

చరిత్ర_మాస్టారు · ఆదివారం రాత్రి

చాలా బాగా చెప్పారు బాబూ. ఆ టెన్షన్ ఉత్త అనుమానం కాదు. 1799 జనవరి 25న బొనపార్టే కైరో నుంచి టిప్పుకి ఉత్తరం రాశాడు, మిమ్మల్ని ఇంగ్లీషువాళ్ళ నుంచి విడిపించడానికి వస్తున్నానని. అదీ దారిలోనే, జెడ్డాలో, ఇంగ్లీషువాళ్ళకి చిక్కింది. మే 4న శ్రీరంగపట్నం పడింది, టిప్పు చనిపోయాడు. మొత్తం ఈ కథంతా చేరని ఉత్తరాల కథే.

లండన్_వాన · సోమవారం రాత్రి

సెయింట్ జేమ్స్ స్ట్రీట్ వెళ్ళొచ్చాను. హంఫ్రీ గారి కిటికీ ఉన్న చోటు ఇదే అయ్యుండాలి అనుకుని కాసేపు ఎదురుగా నిలబడ్డాను. వాన మొదలైంది. ఈ వీధిలో, ఇలాంటి చలిలో నిలబడినవాళ్ళకి ఎడారి దాహం ఎలా తెలుస్తుంది?

ప్రశ్నలబుట్టా, నీ మాట గురించే ఆలోచిస్తూ నడిచాను. దెబ్బతిన్న కైరోవాడు నవ్వితే ఆ నవ్వుకి నేనూ తోడు నిలబడతాను. అలా నవ్వినవాళ్ళున్నారా మాస్టారూ?

చరిత్ర_మాస్టారు · మంగళవారం ఉదయం

ఉన్నారు. అబ్దుర్రహమాన్ అల్ జబర్తీ. కైరో పండితుడు, ఆ రోజుల్ని కళ్ళారా చూసి రాసిపెట్టుకున్నాడు.

బొనపార్టే దిగగానే అరబిక్‌లో ఒక ప్రకటన అచ్చేయించి పంచాడు, నేను మీ మతానికి మిత్రుణ్ణి అంటూ. జబర్తీ దాన్ని వాక్యం వాక్యం పట్టుకుని వ్యాకరణ తప్పులు ఎత్తిచూపాడు. ఇక్కడ విభక్తి తప్పు, ఇక్కడ మాట పొసగలేదు అని. తుపాకీ లేని పండితుడు చేయగలిగిన యుద్ధం అది. ఫ్రెంచివాళ్ళు కైరోలో గాలిబుడగ ఎగరేస్తామని టాంటాం వేసి జనాన్ని పోగేస్తే, అది కాస్త లేచి కూలబడింది. పెళ్ళిళ్ళకీ పండగలకీ నౌకర్లు చేసే గాలిపటాల్లాంటిదే ఇదీ అని రాశాడు.

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. 1798 ఆగస్టులో ఫ్రెంచివాళ్ళు కైరోలో పెట్టిన విద్వత్సభకి వెళ్ళాడు. గిల్రే మొసళ్ళకి వేసిన ఆ పండితుల చోటే. వాళ్ళ గ్రంథాలయంలో కూచున్నాడు, పుస్తకాలు చూశాడు, మామూలు సిపాయిలు కూడా వచ్చి చదువుకోవడం చూసి మెచ్చుకున్నాడు. సిపాయిల కంపు అలవాట్లనీ దోపిడీనీ తిట్టాడు, మంచి ఉన్నచోట మంచి అన్నాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడి చూశాడు కాబట్టి ఆయన వెక్కిరింపులో మనుషులున్నారు.

ఒక చమత్కారం. పండితుల్ని వెక్కిరించడంలో ఫ్రెంచి సిపాయిలే గిల్రే కంటే ముందు. మమ్మల్ని ఈ ఎడారికి తెచ్చింది ఈ రాళ్ళు కొలిచేవాళ్ళే అని వాళ్ళ కోపం. గాడిదల్ని 'సగం పండితులు' అనేవాళ్ళు. దాడి రాగానే 'గాడిదలూ పండితులూ మధ్యలోకి!' అని కేక. గిల్రే వరసలో 'ఈజిప్టులో ఫ్రెంచి పదాతిదళం' బొమ్మ కింద 'జనరల్ గాడిద' అని వస్తుంది. ఈ శిబిరం మాటలు ఆయన దాకా చేరాయనే నాకు అనిపిస్తుంది.

ప్రశ్నలబుట్ట · మంగళవారం మధ్యాహ్నం

జబర్తీ సంగతి ఇప్పుడే వింటున్నాను. వ్యాకరణంతో కొట్టడం! మా తెలుగు సార్ కూడా అలాగే కొట్టేవారు.

అక్కా, నా మాట కొంచెం మార్చుకుంటాను. నవ్వు తప్పు కాదు. దెబ్బతిన్నవాడి నవ్వు వేరు, కాఫీ తాగుతూ చూసేవాడి నవ్వు వేరు.

రాగిరేకు · మంగళవారం రాత్రి

దానికి సరిపోయే ఇంకో బొమ్మ చెబుతా. రష్యాలో ఇవాన్ తెరెబెన్యోవ్. 1812లో నెపోలియన్ మాస్కో దాకా వెళ్ళి చలిలో వెనుదిరిగాక ఈయన ఆ ఫ్రెంచి సైన్యాన్ని వెక్కిరిస్తూ వరసగా అచ్చు బొమ్మలు వేశాడు. ఒకదాని పేరు 'ఫ్రెంచి కాకి చారు'. చింపిరి బట్టల ఫ్రెంచి సిపాయిలు, వాళ్ళ చేతికి చిక్కిన ఒక్క కాకి, దాన్ని వండుకోవాలన్న ఆత్రం. యూరప్ మొత్తం వంటకి పేరుపడ్డ దేశం వాళ్ళు కాకి దగ్గర మోకరిల్లారు. తర్వాత పిల్లల కోసం అక్షరానికో బొమ్మ చొప్పున అక్షరమాల కూడా చేశాడు, అన్నీ 1812 మీదే.

అక్కడ ఊళ్ళు తగలబడ్డాయి. వేసినవాడిదీ చూసినవాడిదీ ఆ కాలిన దేశమే. అందుకే ఆ కాకి బొమ్మ మోటుగా ఉన్నా నాకు కోపం రాదు. అయినా ఆ సిపాయి మూతి చూడండి, లోపలికి పోయిన బుగ్గలు. ఆకలి తెలిసినవాడే అలా గీస్తాడు. రేకు మీద గీత గీసేవాళ్ళకి ఇది తెలుస్తుంది: మీకు తెలియని బాధని గీయబోతే చెయ్యి దాన్ని ముసుగులా చేస్తుంది, మొహంలా చేయదు.

మాధవరం_మనవడు · బుధవారం ఉదయం

మాస్టారూ, ఒక ప్రశ్న. మా తాత సాపర్స్ యూనిఫాం బొమ్మ ఒకటి ఇంట్లో ఉంది. వాళ్ళ రెజిమెంటు గౌరవ చిహ్నాల్లో 'ఈజిప్టు' అనీ, స్ఫింక్స్ బొమ్మా ఉంటాయని చెప్పేవాడు. తను ఈజిప్టు వెళ్ళినందుకే అది ఇచ్చారని చిన్నప్పుడు నేననుకునేవాణ్ణి. ఇప్పుడు అనుమానం వస్తోంది.

చరిత్ర_మాస్టారు · బుధవారం మధ్యాహ్నం

ఆ స్ఫింక్స్ మీ తాతగారి ఈజిప్టు ప్రయాణం కంటే 140 ఏళ్ళు పాతది బాబూ. ఈ చర్చకి సరిగ్గా అమరే సంగతి అడిగారు.

1799 ఆగస్టులో బొనపార్టే సైన్యాన్ని అక్కడే వదిలేసి చడీచప్పుడు లేకుండా ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. గిల్రే దీని మీద కూడా 1800 మార్చిలో బొమ్మ వేశాడు, ఈసారి ఎగతాళి సేనానిది. వెనక మిగిలిన సైన్యాన్ని వెళ్ళగొట్టడానికి 1801లో ఇంగ్లీషువాళ్ళు రెండువైపుల నుంచి వచ్చారు. ఒక దళం ఇండియా నుంచి. నాయకుడు డేవిడ్ బెయిర్డ్, ఒకప్పుడు శ్రీరంగపట్నంలో ఖైదీగా ఉండి, 1799లో అదే కోట మీదికి దాడి నడిపినవాడు. ఆయన వెంట మన సిపాయిలు. మద్రాసు పయనీర్లు కూడా ఉన్నారు, తర్వాత మద్రాస్ సాపర్స్ అయినవాళ్ళు. ఎర్రసముద్రం మీదుగా వచ్చి కొసీర్ రేవులో దిగి, అక్కడినుంచి నైలు ఒడ్డున కెనా దాకా ఎడారిలో నడిచారు. పగలు ఎండ, అందుకని రాత్రిళ్ళు నడక. నీళ్ళు తోలు తిత్తుల్లో. కైరో చేరేసరికి అక్కడి ఫ్రెంచివాళ్ళు అప్పటికే లొంగిపోయారు. యుద్ధం చేయకుండానే మన పయనీర్లకి ఆ నడకకి దక్కింది స్ఫింక్స్.

అలెగ్జాండ్రియా దాటాక ఎడారిలో ఫ్రెంచి సిపాయి దాహంతో పడిపోయిన మూడేళ్ళకి, నైలుకి అటువైపు ఎడారిలో మద్రాసు సిపాయి అదే దాహంతో నడిచాడు. ఒకడు ఎర్రగా ఉంటాడు, ఒకడు నల్లగా ఉంటాడు. దాహం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

మూసారాంబాగ్_వాసి · బుధవారం రాత్రి

మాస్టారూ, ఇది చదివినంక రేపు పొద్దున రేమాన్ గుట్ట ఎక్కొస్తా. చాన్నాళ్ళాయె పోక.

మాధవరం_మనవడు · గురువారం ఉదయం

మాస్టారూ, ఏం చెప్పాలో తెలియట్లేదు. నాన్న ఉంటే ఈ మాట విని ఎంత సంబరపడేవాడో.

తాత ఉత్తరం ఫోటో ఇక్కడ పెడదామనుకున్నాను, మళ్ళీ వద్దనిపించింది. నాయనమ్మకి రాసింది. ఇంట్లోవాళ్ళని అడిగి, ఒప్పుకుంటే పెడతాను. మడతల దగ్గర కాగితం చిట్లిపోతోంది. మా బావమరిది లామినేషన్ చేయిద్దాం అంటున్నాడు. రాగిరేకు గారూ, చేయించమంటారా?

రాగిరేకు · గురువారం ఉదయం

వద్దండీ, లామినేషన్ మాత్రం వద్దు. ఆ వేడికీ జిగురుకీ కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి మళ్ళీ విడదీయడం కుదరదు, సిరా కూడా మారిపోవచ్చు. సెల్లోటేపు కూడా వేయకండి. పసుపు మరక పడుతుంది, అది పోదు. ప్రస్తుతానికి మడతలు విప్పి, బలవంతంగా సాగదీయకుండా, యాసిడ్ లేని తెల్ల కాగితాల మధ్య పరిచి బల్లపరుపుగా ఒక అట్టపెట్టెలో పెట్టండి. మంచి ఆర్ట్ షాపుల్లో ఆ కాగితం దొరుకుతుంది. బీరువాలో పై అరలో, తడి గోడకి దూరంగా. కలరా ఉండలు పక్కన పెట్టకండి.

మడత చిట్లినచోట సన్నని జపాను కాగితంతో, గంజితో అతికించే పద్ధతి ఉంది. నాకు వచ్చు. వచ్చే నెల రాజమండ్రి వస్తున్నాను, మీకు వీలైతే ఉత్తరం తీసుకుని రండి, మీ ఎదురుగానే కూచుని చేస్తాను. చదవను.

మాధవరం_మనవడు · గురువారం మధ్యాహ్నం

తప్పకుండా వస్తానండీ. మీరు చదవండి, ఫర్వాలేదు. ఎర్రావుకి తగ్గిందని నాయనమ్మ పంతులుగారి చేత తిరుగు ఉత్తరం రాయించింది. అది తాతకి చేరిందట.